బాలింత గది గుమ్మం దగ్గర: టోంగాలో తిమింగలాలతో ఒక వారం

దక్షిణ పసిఫిక్‌లోని దీవుల దేశం టోంగాలో, తిమింగలాల పక్కన ఈదడానికి తీసుకెళ్ళే బోట్లు ఆదివారం కదలవు. ఆదివారం పవిత్రదినమని 1875 నాటి రాజ్యాంగంలోనే రాసుకున్న దేశం అది. దుకాణాలు మూసేస్తారు, దేశం లోపల విమానాలు తిరగవు. మాకేమో శనివారం మధ్యాహ్నం దిగే టికెట్లు చవగ్గా దొరికాయి, తీసేసుకున్నాం. దాంతో వచ్చిన మర్నాడే ఒక రోజు పోయింది. దానికి తోడు మా తమ్ముడి సూట్‌కేసు చిన్న విమానంలో బరువు ఎక్కువైందని వెనక ఉండిపోయింది. మర్నాడు విమానమే లేదు కాబట్టి అది సోమవారం సాయంత్రానికి గానీ మా చేతికి రాలేదు. వాడి మాస్కు, స్నార్కెల్ (నీళ్ళలో మొహం ముంచి ఊపిరి పీల్చే గొట్టం), ఈత దుస్తులు అన్నీ అందులోనే ఉన్నాయి. మీరు వెళ్తే ఆ మూడూ చేతిసంచిలో పెట్టుకోండి. సోమవారమో మంగళవారమో దిగేలా చూసుకోండి.

అయినా ఆ ఆదివారం పొద్దుటిని నేను పోగొట్టుకోవాలనుకోను. వవావు దీవుల్లో మేం దిగిన నెయాఫు అనే చిన్న ఊరు లోతైన రేవు చుట్టూ కొండవాలు మీద ఉంటుంది. రేవు వైపు చూస్తూ సెయింట్ జోసెఫ్ కెథడ్రల్ ఉంది. జనం నడుముకి అల్లిన చాపలు చుట్టుకుని, పిల్లల్ని చెయ్యి పట్టుకుని నడిపించుకుంటూ వెళ్తున్నారు. కాసేపటికి పాట మొదలైంది. వాయిద్యాలు లేవు, మగవాళ్ళ గొంతులు కిందనుంచి, ఆడవాళ్ళ గొంతులు పైనుంచి వచ్చి కలుస్తున్నాయి. నీళ్ళ మీదుగా అది మా గెస్ట్‌హౌస్ వరండాలోకి వచ్చింది. అందరం టీ గ్లాసులు పట్టుకుని అలాగే కూర్చుండిపోయాం.

మేం ఆరుగురం. న్యూజీలాండ్‌లోని ఆక్లాండ్‌లో ఉండే నేనూ మా ఆయనా, అక్కడే ఉండే స్నేహితుల జంట, వైజాగ్ నుంచి మా తమ్ముడూ మరదలూ. ఆక్లాండ్ నుంచి టోంగా రాజధాని నుకుఅలోఫాకి మూడు గంటల ప్రయాణం. అక్కణ్ణుంచి ఉత్తరానికి సుమారు 300 కిలోమీటర్ల దూరంలో ఉన్న వవావు దీవులకి చిన్న విమానంలో ఇంకో గంట. తమ్ముడు వాళ్ళు సింగపూర్, ఫిజీలోని నాడి మీదుగా వచ్చారు. భారత పాస్‌పోర్టుతో ఫిజీకి ముందస్తు వీసా అక్కర్లేదు, టోంగాకి మాత్రం ముందే తీసుకోవాలి. ఆ కాగితాలకి రెండు నెలల ముందు నుంచే పరిగెత్తండి. నాడిలో ఒక రాత్రి ఆగినప్పుడు వాళ్ళు శివ సుబ్రహ్మణ్య ఆలయానికి వెళ్ళారట. 1903 తర్వాత చెరకు తోటల పనికి ఓడలెక్కిన దక్షిణాది వాళ్ళలో తెలుగువాళ్ళూ ఉన్నారు కదా, ఆ గుళ్ళో నిలబడితే పరాయి దేశంలా అనిపించలేదని మరదలు చాలాసేపు చెప్పింది.

తిమింగలాల పక్కన ఈదడానికి టోంగాయే ఎందుకంటే, బయల్దేరేముందు మిగతావీ చూశాం. పశ్చిమ ఆస్ట్రేలియాలోని నింగలూలో ఏర్పాట్లు గట్టిగా ఉంటాయి, కానీ తల్లీపిల్లా ఉన్నచోట నీళ్ళలోకి దిగనివ్వరు. ఫ్రెంచ్ పాలినీషియాలోని మొరేయా చాలా అందమైన దీవి, బస ఖర్చు మాత్రం మా తాహతుకి మించింది. డొమినికన్ రిపబ్లిక్ దగ్గర సిల్వర్ బ్యాంక్‌కి వెళ్ళాలంటే సముద్రం మీదే ఓడలో వారం ఉండాలి, మరదలికి ఓడ పడదు. టోంగాలోనే హాపై దీవుల్లో బోట్లు తక్కువ, ప్రశాంతంగా ఉంటుంది, కానీ సౌకర్యాలూ తక్కువే. ఆరుగురిలో ముగ్గురం కొత్తవాళ్ళం కాబట్టి వవావు ఎంచుకున్నాం. ఆ ఎంపిక సరైనదే.

ఈ హంప్‌బ్యాక్ తిమింగలాలు అంటార్కిటికా చల్లటి నీళ్ళలో తిని ఒళ్ళు చేసి, వేల కిలోమీటర్లు ఈదుకుంటూ జులై నుంచి అక్టోబరు దాకా ఇక్కడికొస్తాయి. పిల్లల్ని కనడానికీ, జతకట్టడానికీ. పుట్టిన పిల్లే నాలుగు మీటర్ల పైన, దగ్గరదగ్గర టన్ను బరువు. తల్లి పాలలో మూడో వంతుకి పైగా కొవ్వే. ఇక్కడున్నన్నాళ్ళూ తల్లికి తిండి ఉండదు, ఒంట్లో దాచుకున్న కొవ్వు కరిగించి బిడ్డకి పడుతుంది. అంటే మనం చూడబోయేది పురిటికి వచ్చిన ఆడకూతుర్ని, పైగా కడుపు మాడ్చుకుంటున్న బాలింతని. మా ఇంట్లో పురుడైతే అమ్మ ఆ గది గుమ్మం దాటి ఎవర్నీ రానిచ్చేది కాదు. ఈ వారమంతా నేను ప్రతి బోటునీ, ప్రతి గైడునీ ఆ గుమ్మం దగ్గర నిలబెట్టే చూశాను.

టోంగాలో కూడా ఒకప్పుడు వీటిని వేటాడేవారు. 1978లో రాజు నాలుగో టౌఫాహౌ టుపౌ వేట నిషేధించాడు. ఇప్పుడు లైసెన్సు ఉన్న బోట్లే వెళ్ళాలి. గైడు కాకుండా ఒకసారికి నలుగురే నీళ్ళలో ఉండాలి. తిమింగలానికి ఐదు మీటర్ల దూరం పాటించాలి. ఒక తిమింగలాల జట్టు దగ్గర 90 నిమిషాలు దాటితే వదిలేయాలి. గాలి సిలిండర్లు కుదరవు, స్నార్కెలే. రూలు మంచిదే, కానీ నడిసముద్రంలో దాన్ని నిలబెట్టేది కెప్టెనూ గైడూ మాత్రమే. అది మాకు మొదటి రెండు రోజుల్లో తెలిసొచ్చింది.

సోమ, మంగళవారాలకి మేం ముందే డబ్బు కట్టిన బోటు చూడ్డానికి బాగుంది. కొత్త వెట్‌సూట్లు (నీళ్ళలో చలి ఆపే ఈత సూట్లు), మంచి భోజనం, తెరల మీద ఫోటోలు. కానీ కెప్టెనుకి తొందరెక్కువ. తల్లీపిల్లా కనిపించగానే ఎదురుగా వెళ్ళి అడ్డంగా ఆపేవాడు. "గో, గో, గో" అని గైడు అరిస్తే మేం దబ్బుమని దూకేవాళ్ళం. మాస్కు సర్దుకునేలోపు నీలం నీళ్ళలో నురగ, దూరంగా వెళ్ళిపోతున్న తోక. మళ్ళీ ఎక్కు, మళ్ళీ తరుము, మళ్ళీ దూకు. మంగళవారం ఒకే తల్లి వెనక మూడు బోట్లు వరస కట్టాయి. పిల్ల ఊపిరి కోసం మాటిమాటికీ పైకొస్తోంది, తల్లి దాన్ని పక్కకి నెట్టుకుంటూ పోతోంది. ఆరోసారి దూకమన్నప్పుడు మా ఆయన "నేను దిగను" అని కాళ్ళకున్న ఈత రెక్కలు (ఫిన్స్) తీసేశాడు. నేనూ తీసేశాను. ఆ రోజు సాయంత్రం ఎవరం సరిగ్గా మాట్లాడుకోలేదు. అంత డబ్బు పెట్టి అంత దూరం వచ్చి ఒక తల్లిని అలసట పెట్టామన్న బాధ గొంతులో ముద్దలా ఉండిపోయింది. సముద్రంలో ఒక రోజు ఖర్చు మా గెస్ట్‌హౌస్ మూడు రాత్రుల అద్దె కన్నా ఎక్కువ, ఊరికే చెప్పడం లేదు.

బుధవారానికి వేరే బోటు మాట్లాడిపెట్టింది గెస్ట్‌హౌస్ యజమానురాలు. పాత బోటు, నీడకి కాన్వాసు గుడ్డ, మధ్యాహ్నానికి బ్రెడ్డూ అరటిపళ్ళూ. ఎక్కగానే గైడు ఒకటే అడిగాడు: "ఇవాళ నీళ్ళలోకి దిగకపోయినా ఫర్వాలేదా?" ఆ ప్రశ్నకే నాకు సగం నమ్మకం వచ్చింది.

రెండున్నర గంటలు ఏమీ లేదు. ఆగ్నేయ గాలికి బోటు ఊగుతోంది. మరదలు తెచ్చిన అల్లం మురబ్బా ముక్కలు అందరి చేతులూ తిరిగాయి, నిజంగా పని చేశాయి. అప్పుడు ఒక దీవి చాటున ఊపిరి చిమ్ము కనిపించింది. కెప్టెను దూరంగానే ఇంజను తగ్గించి, ఇరవై నిమిషాలు ఊరికే చూశాడు. పిల్ల ఎన్ని నిమిషాలకి పైకొస్తోంది, తల్లి కదులుతోందా, నిలిచుందా. నిలిచింది. అప్పుడు గైడు ఒక్కడే చప్పుడు లేకుండా జారి, కాసేపటికి చెయ్యి పైకెత్తాడు. నలుగురం బోటు వెనక మెట్టు మీద కూర్చుని ఒకరి తర్వాత ఒకరం జారాం. దూకలేదు.

మొదట నీలం తప్ప ఏమీ కనిపించలేదు. కళ్ళు అలవాటు పడ్డాక కింద, అయిదారు నిలువుల లోతులో, ఒక నల్లటి అరుగులాంటిది ఉంది. అది అరుగు కాదు, తల్లి. పక్కల నుంచి తెల్లటి చేతిరెక్కలు చాచుకుని పడుకుని ఉంది. ఒక్కో రెక్క మా బోటులో సగం పొడుగు. దాని గడ్డం కిందనుంచి చిన్న నీడ విడివడి పైకి రావడం మొదలైంది. పిల్ల తిన్నగా పైకి రాదు, నడక నేర్చే పిల్లాడిలా కాస్త వంకరగా, తిరుగుతూ వస్తుంది. మా పక్కన పైకొచ్చి ఊపిరి వదిలితే మొహం మీద తుంపర పడింది, చేపల వాసన లేదు. తర్వాత ఒక పక్కకి ఒరిగి మమ్మల్ని చూసింది. కన్ను నా పిడికిలంత లేదేమో, చుట్టూ చర్మం ముడతలు, నల్లగా, తడిగా. ఆ కన్ను మా తమ్ముడి మీదనుంచి నా మీదకి కదిలింది. నేను ఊపిరి పీల్చడం మర్చిపోయాను. గైడు నా మోచెయ్యి పట్టుకుని మెల్లగా వెనక్కి లాగాడు, ఎందుకంటే పిల్లే దగ్గరికి వస్తోంది, దూరం మేమే పాటించాలి. నాలుగుసార్లు అలా వచ్చి వెళ్ళింది. తర్వాత తల్లి లేచింది. ఒక్క తోక ఊపులో అంత శరీరం పైకి తేలి, మా ముందునుంచి పొట్టమీది గాడులు ఒక్కొక్కటీ కనిపించేలా దాటిపోయింది. నీళ్ళ అల కూడా మమ్మల్ని తాకలేదు.

బోటెక్కాక తమ్ముడు "అక్కా, అది నన్ను చూసిందే" అని మూడుసార్లు అన్నాడు.

బస గురించి. నెయాఫులోని మా గెస్ట్‌హౌస్‌లో గదులు సాదా, ఫ్యాను చప్పుడు చేస్తుంది, కానీ వంటిల్లు ఇస్తారు, ఎండలో వెట్‌సూట్లు ఆరేసుకోవడానికి తాడుంది, రేవుకి నడిచి వెళ్ళొచ్చు. ఉటుకలోంగలు మార్కెట్లో చేమాకు, చేమదుంపలు, కర్రపెండలం, కొబ్బరికాయలు, పచ్చి బొప్పాయి అన్నీ దొరికాయి. స్థానికులు చేమాకులో కొబ్బరిపాలు పోసి, మాంసంతో పొట్లం కట్టి, భూమిలో తవ్విన పొయ్యిలో కాలుస్తారు, దాన్ని లూ అంటారు. మరదలు అదే ఆకుని దురద పోయేలా చింతపండు వేసి పులుసు చేసింది. యజమానురాలు రెండోసారి అడిగి పెట్టించుకుంది. శాకాహారులు వంటిల్లున్న చోటే దిగండి.

గురువారం గాలి ఎక్కువై బోట్లు ఆగిపోయాయి, అప్పుడే మేం ఆఖరి రెండు రాత్రులకి ఒక చిన్న దీవి మీద కాటేజీకి మారాం. ఫోటోల్లో చూసిన బీచ్ నిజంగానే అంత అందంగా ఉంది. మిగతాదేదీ సరిగ్గా లేదు. తీసుకెళ్ళాల్సిన పడవ రెండు గంటలు ఆలస్యం, సముద్రంలోంచి వచ్చిన ఒంటికి వేడినీళ్ళు లేవు, శాకాహారమని ముందే రాసినా రెండు పూటలా చేపే వడ్డించారు. తిమింగలాల కోసం వెళ్ళేవాళ్ళు ఊళ్ళోనే ఉండాలని నా గట్టి అభిప్రాయం. దీవి కావాలంటే ఒక పూట వెళ్ళిరండి.

శుక్రవారం అదే గైడుతో మళ్ళీ వెళ్ళాం. పదింటికే ఒక తల్లీపిల్లా దొరికాయి. కానీ తల్లి కుదురుగా లేదు, తోకతో నీళ్ళని కొడుతోంది. గైడు కాసేపు చూసి "ఈవిడ వద్దంటోంది" అని బోటు తిప్పించేశాడు. బోటులో మాతో ఉన్న ఇద్దరు బయటివాళ్ళు కాస్త గొణిగారు. అతను కోప్పడలేదు, బతిమాలలేదు. మాకు ఆ వారంలో దొరికిన అతి మంచి సేవ ఏదని అడిగితే నేను ఆ మలుపే చెప్తాను.

మధ్యాహ్నం ఇంకో చోట ఇంజను ఆపాడు. కింద మగ తిమింగలం పాడుతోందన్నాడు. పాడేవి మగవే. ఒక్కో పాట పది, ఇరవై నిమిషాలు సాగి, మళ్ళీ మొదటికొస్తుంది. దిగిన మాకు అది చెవుల్లో కన్నా ముందు పక్కటెముకల్లో తెలిసింది. సన్నటి మూలుగు, తలుపు కిర్రుమన్నట్టు ఒక లాగుడు, మళ్ళీ అడుగునుంచి ఉరుము.

మరదలికి ఈత రాదు. వారమంతా బోటు మీదే ఉండి మా తువ్వాళ్ళు పట్టుకుంది. గైడు ఆమెకి లైఫ్ జాకెట్ కట్టి, నిచ్చెన ఆఖరి మెట్టు మీద నిలబెట్టి, మొహం ఒక్కటి నీళ్ళలో పెట్టమన్నాడు. రెండు చేతులూ కడ్డీని బిగించి పట్టుకుని వంగింది. ఊపిరికి లేచింది, ఏమీ చెప్పకుండా మళ్ళీ వంగింది. బయల్దేరాలని తమ్ముడు భుజం తట్టాడు. ఆమె తల ఎత్తలేదు. ఒక చెయ్యి మాత్రం కడ్డీ వదిలి, ఆగమన్నట్టు పైకెత్తింది.