బాంక్‌నెట్‌లో ఆఖరి నిమిషం పాట: తిరుపతి, చిత్తూరు కొనుగోలుదారులకు రివ్యూ

తిరుపతిలో ఆన్‌లైన్ వేలం అనగానే ముందు టీటీడీ గుర్తొస్తుంది. భక్తులు సమర్పించిన వాచీలు, సెల్‌ఫోన్లు రాష్ట్ర ప్రభుత్వ కొనుగోలు పోర్టల్‌లో లాట్లుగా పాటకు వస్తాయి. తలనీలాల వేలం మరో పెద్ద వ్యాపారం. వాటిని ఇక్కడ పక్కన పెడుతున్నాం. అప్పు కట్టని వారి ఇళ్లు, ప్లాట్లు, షాపులను బ్యాంకులు అమ్మకానికి పెట్టే బాంక్‌నెట్ పోర్టల్, అందులోనూ గడువు ముగిసే ముందు జరిగే తతంగం ఈ రివ్యూ విషయం. లెక్క తప్పి లక్షలు ఎక్కువ పాడేసేది ఆ కాసేపట్లోనే.

బ్యాంకుల పాత వేలం పోర్టల్ ఈబిక్రయ్ స్థానంలో 2025 జనవరి 3న బాంక్‌నెట్ వచ్చింది. 12 ప్రభుత్వ రంగ బ్యాంకుల ఆస్తులు ఒకేచోట కనిపిస్తాయి. చూడటానికి రూపాయి కట్టక్కర్లేదు కాబట్టి, లిస్టు ఇప్పిస్తామని డబ్బులడిగే బ్రోకర్ల అవసరం లేదు. వెతికేటప్పుడు ఒక్క జాగ్రత్త తీసుకోండి. తిరుపతి జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్ 4న. అంతకుముందు తీసుకున్న లోన్ల కాగితాల్లో రేణిగుంట, శ్రీకాళహస్తి, తిరుచానూరు అన్నీ చిత్తూరు జిల్లాలోనే ఉంటాయి. అందుకని రెండు జిల్లాల పేర్లతోనూ వెతకండి. ఊరి పేరుతో ఇంకోసారి వెతికినా మంచిదే, ఇంగ్లిషు స్పెల్లింగు బ్రాంచికో రకంగా ఉంటుంది.

అసలు విషయం ఆఖరి సెకను పాట. ఈ అలవాటు ఈబే అనే అమెరికా ఆన్‌లైన్ వేలం సైటులో పుట్టి పెరిగింది. అక్కడ గడువు కచ్చితం, గడియారం ఆగిందంటే ఆగినట్టే. మీ గరిష్ఠ ధర ముందే ఇచ్చినా, రెండోవాడి ధరకు ఒక మెట్టు పైన మాత్రమే కడతారు. అలాంటి చోట చివరి అయిదారు సెకన్లలో పాడితే, మెల్లగా పెంచుకుంటూ పోయే అవతలివాడికి బదులు పాడే వ్యవధి ఉండదు. అమెజాన్ ఒకప్పుడు నడిపిన వేలాల్లో మాత్రం చివరి 10 నిమిషాల్లో ఎవరైనా పాడితే గడువు జరిగేది. ఈ రెంటినీ పోల్చి ఆర్థికవేత్తలు ఆల్విన్ రాత్, ఆక్సెల్ ఓకెన్‌ఫెల్స్ 2002లో ప్రచురించిన పరిశోధనలో, ఆఖరి క్షణం పాటలు ఈబేలో బాగా ఎక్కువ, అమెజాన్‌లో తక్కువ అని తేలింది. మనుషులు ఒకే రకం, మారింది గడువు నిబంధన. రాత్‌కు 2012లో ఆర్థికశాస్త్ర నోబెల్ వచ్చింది.

బ్యాంకు వేలాలు ఆ అమెజాన్ పద్ధతిలోనే నడుస్తాయి. సేల్ నోటీసులో సమయం పక్కనే 5 నిమిషాలో, 10 నిమిషాలో చొప్పున అపరిమిత పొడిగింపు అని ఉంటుంది. చాలామంది చదవకుండా దాటేసే వాక్యం ఇది. గడువు దగ్గరపడ్డాక ఎవరు పాడినా గడియారం ముందుకు జరుగుతుంది. అంటే మీ ఆఖరి సెకను పాట ఎవరి నోరూ మూయించదు, అవతలివాడికి ఆలోచించుకోవడానికి మరో 10 నిమిషాలు ఇచ్చి కూర్చుంటుంది.

అంకెల్లో చూద్దాం. కొర్లగుంటలోనో, మంగళంలోనో ఒక ఫ్లాట్ అనుకోండి. రిజర్వు ధర (బ్యాంకు పెట్టిన కనీస ధర) 42 లక్షలు, ఇంక్రిమెంట్ (ఒక్కో పాటకు పెంచాల్సిన మెట్టు) 25 వేలు, గడువు మధ్యాహ్నం 1 గంట, పొడిగింపు 10 నిమిషాలు. ఇద్దరు మొండివాళ్లు ప్రతిసారీ గడువు చివరిదాకా ఆగి ఒక్కో మెట్టే ఎక్కితే, 42 నుంచి 46 లక్షలకు చేరడానికి 16 పాటలు పడతాయి. ఒక్కోటీ 10 నిమిషాలు లాగితే 160 నిమిషాలు. 1 గంటకు అయిపోవాల్సింది మూడున్నర దాటుతుంది. భోజనం వాయిదా పడి, ఫోన్ ఛార్జింగ్ దిగి, ‘ఇంత దూరం వచ్చాం, ఇంకో 25 వేలేగా’ అనిపించే ఘడియ అదే. పోర్టల్ ఓపికకు పరీక్ష పెడుతుంది, వేగానికి కాదు.

చివరి సెకన్ల దాకా ఆగితే నష్టం కూడా ఉంది. లెక్కలోకి వచ్చేది సర్వర్ గడియారం, మీ ఫోన్లో కనిపించేది కాదు. పేజీ తాజాగా లోడ్ కాకపోతే మీకు కనిపించే హెచ్చుపాట పాతదై ఉంటుంది. మీరు అంకె కొట్టేలోపే ఇంకొకరు అదే మెట్టు ఎక్కితే మీ పాట తిరస్కరణకు గురవుతుంది. లాగిన్ గడువు తీరి బయటికి పడితే మళ్లీ లోపలికి వెళ్లడానికి నిమిషం పైనే పడుతుంది. నెట్ జారిపోయిందని చెబితే బ్యాంకు ఒప్పుకోదు, ఆ బాధ్యత తమది కాదని నోటీసులోనే ఉంటుంది. కాబట్టి ల్యాప్‌టాప్ మీద కూర్చోండి, బ్రాడ్‌బ్యాండ్‌తో పాటు ఇంకో కంపెనీ సిమ్ హాట్‌స్పాట్ సిద్ధంగా ఉంచండి, ప్రతి పాటకూ కనీసం రెండు నిమిషాలు మిగిలి ఉండగానే పాడండి. చిత్తూరు వైపు పల్లెల్లో ఉండేవాళ్లు ఆ పూటకు టౌన్లోకి వచ్చి కూర్చోవడం మేలు.

అంకె కొట్టేటప్పుడు సున్నాలు లెక్కపెట్టండి. 45,00,000 బదులు 4,50,00,000 పడితే వెనక్కి తీసుకునే దారి లేదు, వేలంలో చేరడానికి ముందే కట్టిన ధరావత్తు (ఈఎండీ) పోతుంది. హడావుడిలోనే ఇలాంటివి జరుగుతాయి.

ఆలస్యంగా పాడటానికి విలువ ఉండేది ఒకే ఒక్క సందర్భంలో, పోటీ ఉందో లేదో తెలియనప్పుడు. ధరావత్తు ఇంకెవరు కట్టారో మీకు చూపించరు. వేలం మొదలవగానే పాడితే మీకు ఆసక్తి ఉందని ఇంకొకరికి తెలుస్తుంది. గంటన్నర ఆగి, ఎవరూ కదలకపోతే గడువుకు పది పదిహేను నిమిషాల ముందు కనీస పాట పాడండి. ఒక్కరే ఉంటే ఆ ధరకే మీది అవుతుంది. మొదటి పాట రిజర్వు ధరకే చాలునా, దాని మీద ఒక ఇంక్రిమెంట్ కలపాలా అన్నది నోటీసును బట్టి మారుతుంది, ముందే చూసుకోండి. ధర ఇంకా తగ్గుతుందేమో అని ఒక్క పాటా పాడకుండా వదిలేస్తే, నచ్చిన ఆస్తి మళ్లీ వేలానికి వస్తుందన్న హామీ లేదు. ఈలోగా అప్పు తీసుకున్నవారు బ్యాంకుతో రాజీ కుదుర్చుకోవచ్చు.

గరిష్ఠ ధర ముందురోజు రాత్రే కాగితం మీద రాసుకోవాలి. అది గుండ్రటి అంకె కాకూడదు. చాలామంది 45 లక్షల దగ్గర ఆగుతారు. మీ హద్దూ 45 అయి, ఆ మెట్టు అవతలివాడు ఎక్కితే మీరు బయటే. 45.25 అని రాసుకుంటే ఆ ఇబ్బంది తప్పుతుంది. రిజర్వు ధర నుంచి ఇంక్రిమెంట్ లెక్కన ఆ అంకెకు చేరగలరో లేదో కూడా చూసుకోండి. మధ్యలో ఒకేసారి లక్ష పెంచి పాడే ఎత్తు ఉంది. హద్దుకు చాలా దూరంలో ఉన్నప్పుడు అది పొడిగింపులను తగ్గిస్తుంది, మొండిపట్టు లేనివాళ్లు తప్పుకుంటారు. హద్దు దగ్గర మాత్రం ఒక్కో మెట్టే.

ఆ హద్దు ఎలా తేలుతుంది? పాట 45 లక్షలకు ముగిసిందనుకుంటే, మన రాష్ట్రంలో స్టాంప్ డ్యూటీ 5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ 1, కలిపి 7.5 శాతం. అంటే 3,37,500. దాంతో 48,37,500 అయింది. మున్సిపల్ పన్ను బాకీ, అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ బాకీ, కరెంటు బాకీ దీని మీద. కరెంటు బాకీ పాత ఓనరుది కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. నిబంధనలు అనుమతిస్తే కొత్తగా కనెక్షన్ అడిగే కొనుగోలుదారు నుంచి వసూలు చేయవచ్చని 2023 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. కరెంటు సంస్థ ఎస్పీడీసీఎల్ సెక్షన్ ఆఫీసులో సర్వీసు నంబరు ఇచ్చి ముందే అడగండి. ధర 50 లక్షలు, ఆపైన అయితే 1 శాతం టీడీఎస్ ధరలోంచి మినహాయించి కట్టాలి.

డబ్బు ఎప్పుడెప్పుడు కావాలన్నది ఇంకా ముఖ్యం. ధరావత్తు సాధారణంగా రిజర్వు ధరలో 10 శాతం, మన ఉదాహరణలో 4.2 లక్షలు. పాన్, ఆధార్‌తో కేవైసీ పూర్తయ్యాకే పోర్టల్‌లోని మీ వాలెట్‌లో అది జమ చేయగలరు. వెరిఫికేషన్‌కు, నెఫ్ట్ చేరడానికి టైం పడుతుంది కాబట్టి వేలానికి వారం ముందే మొదలుపెట్టండి, చివరి రోజున కట్టి తెల్లారి లాగిన్ అయితే బిడ్ బటనే కనిపించకపోవచ్చు. గెలిచిన రోజే, లేదా మరుసటి పనిదినంలోపు ధరలో 25 శాతం పూర్తి చేయాలి. 45 లక్షల మీద 11.25 లక్షలు, ధరావత్తు పోగా 7.05 లక్షలు. అమ్మకం ఖరారైన 15 రోజుల్లోపు మిగతా 33.75 లక్షలు. ఆ గడువు పొడిగించడం రాతపూర్వక ఒప్పందంతోనే, అదీ మూడు నెలలకు మించకుండా. హోంలోన్ మీద ఆధారపడేవాళ్లకు 15 రోజులు చాలవు. వేలానికి ముందే మీ బ్యాంకులో సూత్రప్రాయ మంజూరు తెచ్చుకోండి, వేలం ఆస్తికి లోన్ ఇస్తారా అని ఆ మాటే సూటిగా అడగండి. కట్టలేకపోతే 25 శాతం మొత్తం జప్తు చేసుకునే హక్కు బ్యాంకుకు ఉందని 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. ఆఖరి నిమిషంలో హద్దు దాటి పాడినవాళ్లకు తగిలే దెబ్బ ఇది.

పోర్టల్‌కు మా మార్కులు: వేలం నడిచే తీరుకు అయిదుకు నాలుగు, సమాచారానికి రెండున్నర. ఒక్కో ఆస్తి పేజీ బ్రాంచివాళ్లు ఎలా నింపితే అలా ఉంటుంది. కొన్నిటికి హద్దులు, సర్వే నంబరు, లోపలి ఫోటోలు పక్కాగా ఉంటాయి. కొన్నిటికి రోడ్డు మీంచి తీసిన ఒక్క ఫోటో. అందుకే పేజీలో కనిపించేదాన్ని నమ్ముకోకుండా సేల్ నోటీసు పీడీఎఫ్ దించుకుని ఆస్తి వివరాల షెడ్యూలు చదవండి. తర్వాత బ్యాంకు తరఫున అమ్మకం చూసే ఆథరైజ్డ్ ఆఫీసర్‌కు ఫోన్ చేసి, ఆస్తి చూసే తేదీ అడగండి.

అడగాల్సిన మొదటి ప్రశ్న స్వాధీనం సింబాలిక్‌గానా, ఫిజికల్‌గానా అన్నది. సింబాలిక్ అంటే తలుపుకు నోటీసు అంటించారంతే, లోపల మనుషులు ఉండొచ్చు. ఖాళీ చేయించడానికి, బ్యాంకులు తాకట్టు ఆస్తులను స్వాధీనం చేసుకుని అమ్మే సర్ఫేసీ చట్టం 14వ సెక్షన్ కింద జిల్లా మెజిస్ట్రేట్ దాకా వెళ్లాలి. ధర తక్కువగా ఉండటానికి చాలాసార్లు కారణం ఇదే. బ్యాంకు బాకీల కేసులు చూసే డీఆర్‌టీ (రుణ వసూళ్ల ట్రిబ్యునల్)లో కేసు ఉందా అనీ అడగండి. అప్పు తీసుకున్నవారికి సర్ఫేసీ చట్టం 2016 సవరణ తర్వాత వేలం నోటీసు ప్రచురించేదాకానే బాకీ కట్టి విడిపించుకునే హక్కు ఉందని 2023 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తేల్చింది, కొనేవారికి అది కొంత ధైర్యం. అయినా స్టే ఉంటే నెలలు గడుస్తాయి.

ఆస్తి అమ్మేది ఎక్కడున్నది అక్కడ, ఎలా ఉన్నది అలా అన్న షరతు మీద. కాబట్టి ఈసీ (ఆస్తి మీద లావాదేవీలు, తాకట్లు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), లింకు డాక్యుమెంట్లు (పాత దస్తావేజులు) మీరే చూసుకోవాలి. తిరుపతిలో దేవాదాయ భూములు, మఠం భూముల గొడవ అందరికీ తెలిసిందే. సర్వే నంబరు 22-ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయని భూముల జాబితా) ఉందేమో చూడకుండా ధరావత్తు కట్టవద్దు. ప్లాటయితే తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) అనుమతి ఉన్న లేఔటేనా అన్నది రెండో పరీక్ష. ఇళ్లయితే ప్లాను, మెట్లు, సందు వెడల్పు కళ్లతో చూడండి. అవిలాల, కరకంబాడి రోడ్డు వైపు లేఔట్లలో ప్లాటు హద్దురాళ్లు కనపడకపోతే లైసెన్సు ఉన్న సర్వేయరును తీసుకెళ్లండి, ఆ ఖర్చు దండగ అనుకోవద్దు.

పాట ఓడిపోతే ధరావత్తు వాలెట్‌కు తిరిగొస్తుంది, అక్కడి నుంచి బ్యాంకు ఖాతాకు మార్చుకోవచ్చు, వేరే వేలానికి వాడుకోవచ్చు. ఎవరూ పాడక వేలం విఫలమైన ఆస్తిని గుర్తు పెట్టుకోండి. మళ్లీ అమ్మాలంటే కనీసం 15 రోజుల నోటీసు ఇవ్వాలి, రిజర్వు ధర తగ్గే అవకాశమూ ఉంది. ఆ 15 రోజులూ ఈసీ చూడటానికి, లోన్ మంజూరు తెచ్చుకోవడానికి సరిపోతాయి.