నడుము నొప్పికి ధ్యానమా, సీబీటీయా, గడియారమా?

నొప్పి మూడు నెలలు దాటినవారు నన్ను అడిగేది దాదాపు ఒకటే. "మాత్రలయ్యాయి, ఫిజియోథెరపీ అయింది. ఇప్పుడు సైకాలజిస్టు దగ్గరికి వెళ్లమంటున్నారు. ధ్యానం మేలా, సీబీటీ మేలా?" సీబీటీ అంటే ఆలోచనలను, అలవాట్లను మార్చుకోవడం నేర్పే మానసిక చికిత్స. ఆరేళ్లుగా నడుము నొప్పితో కాపురం చేస్తున్నదాన్ని కనుక రెండింటి రుచీ చూశాను. నొప్పి నిజమా, మనసు కల్పించిందా అన్న పాత వాదన జోలికి పోను. కాళ్లలో బలం తగ్గినా, మూత్రం మీద పట్టు తప్పినా మాత్రం ఇది చదవడం ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

2016లో అమెరికాలోని సియాటెల్ పరిశోధకులు 342 మంది నడుము నొప్పి బాధితులను మూడు జట్లు చేసి చూశారు. ఆరు నెలలయ్యేసరికి రోజువారీ పనుల్లో చెప్పుకోదగ్గ మెరుగు కనిపించింది ధ్యానం, యోగా నేర్చుకున్నవారిలో 61 శాతానికి, సీబీటీ జట్టులో 58 శాతానికి. మామూలు వైద్యంతో సరిపెట్టుకున్నవారిలోనూ 44 శాతం మంది తేరుకున్నారు. అద్భుతాలు అమ్మేవారు ఈ చివరి అంకె ఎత్తరు.

ధ్యానానికీ సీబీటీకీ అంకెల్లో పెద్ద తేడా లేనప్పుడు మీ స్వభావం చూసుకోవాలి. "వంగితే డిస్కు జారిపోతుంది" అన్న భయాన్ని కాగితం మీద పెట్టి, అది ఎంతవరకు నిజమని నిలదీయడం సీబీటీ పద్ధతి. తమతో తామే వాదించుకునే నాలాంటివారికి అది నప్పుతుంది. ధ్యానంలో పడుకుని కాలివేలి నుంచి తల దాకా ధ్యాస నడిపిస్తారు. నడుము దగ్గరికి రాగానే నాకు లేచి పారిపోవాలనిపించేది. మొదటి రెండు వారాలు నొప్పి పెరిగినట్టే తోచింది, ఆ మాట ముందుగా ఎవరూ చెప్పలేదు. అయితే నొప్పి మీద కోపంతో నిద్ర పాడుచేసుకునేవారికి నేను ధ్యానమే చెబుతాను. నేర్చుకున్నాక ఖర్చు కూడా ఉండదు.

నా దృష్టిలో తేల్చే ప్రశ్న వేరే ఉంది. నొప్పి లేని రోజున మీరు ఏం చేస్తారు?

రెండేళ్ల కిందట సంక్రాంతి ముందు ఒకరోజు ఒళ్లు తేలిగ్గా అనిపించి, అటక మొత్తం ఒక్క పూటలో దులిపేశాను. తర్వాత నాలుగు రోజులు మంచం దిగలేదు. నన్ను పడేసింది నొప్పి ఉన్న రోజు కాదు, లేని రోజు. వాషింగ్టన్ విశ్వవిద్యాలయ మనస్తత్వవేత్త విల్బర్ట్ ఫోర్డైస్ దశాబ్దాల కిందటే ఈ గుట్టు పట్టుకున్నారు. నొప్పి పుట్టేదాకా పనిచేసి, పుట్టాక పడుకుంటే, విశ్రాంతి నొప్పికి బహుమతి అవుతుంది. పని ఎప్పుడు ఆపాలో చెప్పవలసింది నొప్పి కాదు, గడియారం.

వంటింట్లో ఎంతసేపు నిలబడితే నడుము మొరాయిస్తుందో కొన్నాళ్లు రాసుకోండి. నాకు 20, 14, 26 నిమిషాలు వచ్చాయి. సగటు 20, అందులో ఐదో వంతు తీసేస్తే 16. అలారం మోగగానే, నొప్పి లేకపోయినా కూర్చోవాలి. రోజూ ఉండే సలుపే అయితే అలారానికి ముందే ఆపకూడదు. కుదురుకున్నాక ఒకటి రెండు నిమిషాలు పెంచుకుంటూ పోవాలి. కష్టమంతా హాయిగా ఉన్నప్పుడు ఆపడంలోనే. "ఇప్పటిదాకా బాగానే ఉన్నావు కదమ్మా, కూర్చున్నావేమిటి?" అని అత్తయ్య అడిగితే జవాబు చెప్పడం ఇంకా కష్టం.

ఈ గడియారం పద్ధతిని విడిగా పరీక్షించిన అధ్యయనాలు తక్కువే. సాధారణంగా సీబీటీలో భాగంగానే నేర్పుతారు, నా మొగ్గు అటువైపు ఉండడానికి కారణం ఇదే. సైకాలజిస్టును ఎంచుకునే ముందు "పనిని సమయం ప్రకారం పంచుకోవడం నేర్పుతారా?" అని అడగండి. ఆలోచనల గురించి మాత్రమే మాట్లాడతామంటే మరొకరిని చూసుకోండి.

మిగతావాటిలో, నొప్పి ఉండగానే మనకు విలువైన పనులు చేసుకోమనే ఏసీటీ అనే మానసిక చికిత్స సీబీటీకి దగ్గరి చుట్టమే. బ్రిటన్ 2021 మార్గదర్శకాలు రెండింటినీ పక్కపక్కనే పెట్టాయి. హిప్నాసిస్, బయోఫీడ్‌బ్యాక్ (కండరాల బిగుతు వంటివాటిని యంత్రంలో చూపిస్తూ సడలించడం నేర్పే పద్ధతి) కొందరికి పనిచేస్తాయి. మంచి శిక్షణ ఉన్నవారు మీ ఊళ్లో దొరికితే చూడండి.

ఈసారి అటక పని పండక్కి మూడు వారాల ముందే మొదలుపెట్టాను, రోజుకు పదహారు నిమిషాల చొప్పున. ఇంకా సగం మిగిలింది. భోగి నాటికి పూర్తి కాకపోతే ఆ ఇత్తడి బిందెలు వచ్చే ఏడాది దాకా దుమ్ముతో పైనే ఉంటాయి.