జపనీస్, థాయ్ ఒకే మెనూలో ఉంటే ఏ వైపు మేలు?

ఒకే వంటగదిలోంచి జపాన్ వాళ్ల సుషీ (వెనిగర్ కలిపిన అన్నంతో, ఎక్కువగా పచ్చిచేప పెట్టి చేసేది), థాయ్ వాళ్ల గ్రీన్ కర్రీ (పచ్చిమిర్చి, కొబ్బరి పాల కూర) రెండూ వచ్చే రెస్టారెంట్లు ఇప్పుడు చాలా ఊళ్లలో ఉన్నాయి. అలాంటి చోటికి వెళ్లేముందు స్నేహితులు నన్ను అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే: జపనీస్ తీసుకోవాలా, థాయ్ తీసుకోవాలా? ఇన్నాళ్లూ "చేప తాజాగా ఉంటే సుషీ, లేకపోతే థాయ్" అని చెప్పేవాణ్ణి. పోయిన వారం నలుగురం కలిసి వెళ్లొచ్చాక ఆ సమాధానం మార్చుకున్నాను. చూడాల్సింది చేపను కాదు, అన్నాన్ని.

ఆ రోజు సుషీ పళ్లెం చూడటానికి ఎంతో బాగుంది. సాల్మన్ నిగనిగలాడుతోంది, ట్యూనా ఎర్రగా ఉంది. నోట్లో పెట్టుకుంటే చేపకు వంక పెట్టడానికి లేదు. దాని కింద ఉన్న ముద్ద మాత్రం అప్పుడే ఫ్రిజ్‌లోంచి తీసినట్టు చల్లగా ఉంది. ఏ మెతుకుకా మెతుకు గట్టిగా పంటికి తగులుతోంది. తలా రెండు ముక్కలు తిని ఆపేశాం. దాని పక్కనే వచ్చిన గ్రీన్ కర్రీ, సువాసన ఉండే థాయ్ బియ్యంతో వండిన జాస్మిన్ అన్నం మాత్రం గిన్నె ఖాళీ అయ్యేదాకా వదల్లేదు.

చేప గురించి మనం కాస్త ఎక్కువే టెన్షన్ పడతాం. పచ్చిగా తినే చేపల్లో చాలా రకాలను పరాన్నజీవులు చచ్చేలా ముందుగానే గడ్డకట్టిస్తారు. అమెరికాలో ఆహారం, మందుల మీద నిఘా పెట్టే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ చెప్పే లెక్కల్లో ఒకటి మైనస్ 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర 7 రోజులు. దూరసముద్రాల్లో సుషీ కోసం పట్టే ట్యూనాను అయితే పడవలోనే మైనస్ 60 దాకా చల్లబరిచే పద్ధతి ఉంది. అందుకే "ఇవాళ పట్టిందేనా?" అన్న ప్రశ్నతో పెద్దగా తేలేదేమీ లేదు. మంచి చోట కొని, నిదానంగా కరిగించి, చల్లగా దాచుకుంటే చిన్న రెస్టారెంట్‌లో కూడా చేప బాగానే ఉంటుంది. అన్నాన్ని అలా బయటనుంచి తెప్పించుకుని దాచుకోవడం కుదరదు. అది ఆ వంటగదిలో, ఆ పూట వండాల్సిందే.

సుషీ అన్నంలో వేడి తగ్గకముందే వెనిగర్, చక్కెర, ఉప్పు కలుపుతారు. విసురుతూ ఆరబెట్టి, ఇంచుమించు ఒంటి వేడికి వచ్చినప్పుడు చేపతో కలిపి పెడతారు. వెనిగర్ పులుపు క్రిములను పెరగనివ్వదు కాబట్టి కొన్ని గంటలు బయట ఉంచినా ఫరవాలేదు. ఆ తర్వాత మళ్లీ కొత్తగా వండాలి. ఫ్రిజ్‌లో పెట్టారంటే మెతుకులోని పిండిపదార్థం బిగుసుకుపోతుంది. మామూలు అన్నమైతే వేడిచేసుకుంటే మళ్లీ మెత్తబడుతుంది. పైన పచ్చిచేప ఉన్న ముద్దను వేడిచేయలేం కదా. నోరి సంగతీ అంతే. ఆ నల్లటి సముద్రపు నాచు అట్ట పెళపెళలాడేది చుట్టిన కొద్ది నిమిషాలే, తర్వాత అన్నం తడికి సాగుతుంది.

సుషీకి ఆగకుండా గిరాకీ ఉంటేనే ఏ వంటగదైనా పూటకు రెండు మూడుసార్లు అన్నం వండుతుంది. రెండు దేశాల మెనూ ఉన్న చోట ఆ గిరాకీ సగానికి చీలుతుంది. వండిన అన్నం మిగిలిపోతుంది, పారేయడానికి మనసొప్పదు, ఫ్రిజ్‌లోకి వెళ్తుంది. వండేవాళ్ల చేతిలో పనితనం లేక కాదు, అన్నం ఖర్చయ్యే వేగం చాలకే ఇలా అవుతుందని నా నమ్మకం.

థాయ్ వైపు ఈ చిక్కు లేదు. జాస్మిన్ అన్నం కుక్కర్లో వేడిగా ఉంటుంది, అలాగే వడ్డిస్తారు. నిమ్మగడ్డి, అల్లం లాంటి గలంగల్ దుంప, పచ్చిమిర్చి, మక్రుత్ నిమ్మతొక్క కలిపి నూరిన ముద్దను ముందే చేసి పెట్టుకున్నా రుచి చెడదు. డబ్బాలో కొన్న ముద్దయినా సరే, మనం ఆర్డర్ చేశాక ఏం చేస్తారన్నదే ముఖ్యం. చిక్కటి కొబ్బరి పాలను నూనె తేలేదాకా మరిగించి, ఆ నూనెలో ముద్దను వేయించి, ఆ తర్వాత మిగతా పాలు పోస్తే గ్రీన్ కర్రీ పైన సన్నటి పచ్చటి నూనె బొట్లు కనిపిస్తాయి. అవి కనిపిస్తే నాకు ధైర్యం వచ్చేస్తుంది. పైగా కర్రీ పది నిమిషాలు ఆలస్యమైనా అదే రుచి ఇస్తుంది. నలుగురు వెళ్తే అన్నీ మధ్యలో పెట్టుకుని పంచుకోవచ్చు, థాయ్ భోజనం పద్ధతే అది.

నేను ఎక్కువగా చెప్పే రెండో వంటకం పాడ్ క్రపావ్. కైమా, వెల్లుల్లి, మిరపకాయలు మంట బాగా పెంచి వేయించి, చివర్లో క్రపావ్ ఆకు వేస్తారు. ఆ ఆకు మరేదో కాదు, తులసి జాతే. అది దొరకని చోట తియ్యటి వాసన ఉండే వేరే బేసిల్ వేస్తారు, ఘాటు బాగా తగ్గిపోతుంది. ఏ ఆకు వేస్తారో ముందే అడగండి, చక్కగా చెప్తారు.

థాయ్ వైపు లోపం లేదని కాదు. చాలాచోట్ల తీపి ఎక్కువ వేస్తారు. పాడ్ థాయ్‌లో అది బాగా బయటపడుతుంది. 1940 ప్రాంతంలో థాయ్‌లాండ్ ప్రధాని ఫిబున్ సోంగ్‌ఖ్రామ్ ప్రభుత్వం జాతీయ వంటకంగా ప్రచారం చేసిన ఈ నూడుల్స్‌లో చింతపండు, ఫిష్ సాస్, తాటిబెల్లం మూడూ సమంగా పలకాలి. బెల్లం ఒక్కటే పలికితే రెండు ముద్దలకే మొహం మొత్తుతుంది. థాయ్‌లాండ్‌లో నూడుల్స్ బల్లల మీద ఉంచే నాలుగు గిన్నెల సెట్ ఉందేమో అడగండి. ఫిష్ సాస్‌లో మిరప ముక్కలు, వెనిగర్‌లో మిరప ముక్కలు, ఎండుకారం, చక్కెర ఉంటాయి. మొదటి మూడింటితో తీపిని చాలావరకు సరిదిద్దుకోవచ్చు.

మరి సుషీ ఎప్పుడు తీసుకోవాలి? ఒక్కరో ఇద్దరో వెళ్లినప్పుడు, సుషీ చేసే మనిషి ఎదురుగా కనిపించే కౌంటర్ దగ్గర సీటు దొరికినప్పుడు, భోజనాల వేళ మొదలవుతుండగా. అప్పుడు కూడా పెద్ద పళ్లెం చెప్పేయకండి. ముందు ఒక్క కప్పా మాకీ, అంటే దోసకాయ రోల్, తెప్పించుకోండి. దోసకాయ, అన్నం, నోరి తప్ప అందులో ఏమీ ఉండదు, దాచడానికి సాస్ ఉండదు. అన్నం గోరువెచ్చగా ఉండి నోట్లో ఇట్టే విడిపోతే నిశ్చింతగా నిగిరి (అన్నం ముద్ద మీద చేప ముక్క పెట్టేది) చెప్పండి, ఆ పూట థాయ్ కంటే అదే మంచి భోజనం. చల్లగా తగిలితే మెనూ పేజీ తిప్పేయండి.

శాకాహారులకు మాత్రం నా సలహా తిరగబడుతుంది. థాయ్ కర్రీ ముద్దల్లో రొయ్యల పేస్ట్ కలిసి ఉంటుంది, వేపుళ్లలో ఫిష్ సాస్ పడుతుంది, "కూరగాయలే" అన్న వంటకంలో కూడా. జపనీస్ వైపూ మీసో సూప్‌లో (పులియబెట్టిన సోయా ముద్దతో చేసేది), టెంపురాతో (పిండిలో ముంచి వేయించిన బజ్జీల్లాంటివి) ఇచ్చే సాస్‌లో సాధారణంగా ఎండబెట్టిన బొనిటో చేపతో కాచిన దాషీ అనే రసం ఉంటుంది. కానీ అక్కడ ఎడమామె (ఉడికించిన పచ్చి సోయా కాయలు), దోసకాయ రోల్, అవకాడో రోల్ లాంటివి కంటికి కనిపించేవే, లోపల ఏముందో అని అనుమానపడక్కర్లేదు. వేరుశనగ పడనివాళ్లు థాయ్ వైపు, గోధుమ పడనివాళ్లు సోయా సాస్ వల్ల జపనీస్ వైపు తప్పకుండా అడిగి తీసుకోవాలి.

జపనీస్ నూడుల్ సూప్ అయిన రామెన్ ఇలాంటి చోట వద్దు. దాని రసం గంటల తరబడి కాయాలి, అది రామెన్ మాత్రమే అమ్మేవాళ్లు చేసే పని. తియ్యటి సోయా సాస్ పట్టించి కాల్చే తెరియాకీ పిల్లలకు బాగుంటుంది.

పార్సిల్ అయితే ఆలోచనే అక్కర్లేదు. టెంపురా డబ్బాలో చెమటపట్టి మెత్తబడుతుంది, పాడ్ థాయ్ అతుక్కుపోతుంది. మస్సమన్ కర్రీ తెచ్చుకోండి. ఆలుగడ్డ, వేరుశనగ ఆ కొబ్బరి పాలలో నానుతూ ఇంటికి వచ్చేసరికి ఇంకాస్త చిక్కబడి ఉంటుంది. అన్నం మాత్రం ఇంట్లోనే వేడివేడిగా వండుకోండి.