రెడీమేడ్ పాటింగ్ మిక్స్ రెండో పంటకు పనికొస్తుందా?

కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), వర్మీకంపోస్ట్, కాస్త వేపపిండి, అక్కడక్కడా తెల్లటి పెర్లైట్ పలుకులు. కుండీల్లో మట్టికి బదులు నింపడానికి నర్సరీల్లోనూ ఆన్‌లైన్‌లోనూ అమ్మే పాటింగ్ మిక్స్ సంచుల్లో చాలావాటిలో ఉండే సరుకు ఇదే. మొదటి పంట దేంట్లో వేసినా బాగానే వస్తుంది, అది చూసి జనం ఐదుకి ఐదు స్టార్లు ఇచ్చేస్తారు. మిక్స్ అసలు రంగు బయటపడేది మార్చి, ఏప్రిల్‌లో మొక్కలు పీకేసి గ్రోబ్యాగ్ బోర్లించినప్పుడు.

12 అంగుళాల గ్రోబ్యాగ్‌లో సుమారు 20 లీటర్ల మిక్స్ పడుతుంది. సీజను అయ్యేసరికి రెండు మూడు అంగుళాలు దిగిపోవడం మామూలే. వర్మీకంపోస్ట్ అరిగిపోతుంది, కోకోపీట్ అణుగుతుంది. సగానికి దిగిపోయిందంటే మాత్రం అందులో మాగని ఆకుచెత్తో రంపపు పొట్టో ఎక్కువగా కలిపి ఉంటారు. అది కుళ్ళేటప్పుడు నత్రజని లాగేసుకుంటుంది, అందుకే అలాంటి మిక్స్‌లో మొక్కలు మొదట్లోనే పసుపు తిరుగుతాయి. ఆ రకం రెండోసారి కొనక్కర్లేదు.

మిక్స్‌ను రెండో పంటకు దాచే ముందు, పీకేసిన మొక్కల వేళ్ళు చూడాలి. టమాటా, వంగ, బెండ వేళ్ళు అక్కడక్కడా ఉబ్బి, ఆ ఉబ్బు వేరులోనే కలిసిపోయి ఉంటే అవి వేళ్ళలో చేరే కంటికి కనపడని నులిపురుగుల (నెమటోడ్ల) బుడిపెలు. చిక్కుడు, అలసంద వేళ్ళకు గింజల్లా అతుక్కుని, గోటితో గీకితే ఊడొచ్చేవి వేరే. నత్రజనిని పట్టి ఇచ్చే ఆ బుడిపెలు మట్టిలో ఉండిపోయినా మంచిదే. ఆకులు పచ్చగా ఉండగానే టమాటా మొక్క వాలిపోయి ఉంటే, కాండం మొదలు దగ్గర కోసి ఆ ముక్కను గాజు గ్లాసులోని మంచినీళ్ళలో కదలకుండా ముంచి చూడండి. కాసేపటికి కోసిన చోటు నుంచి పాల చారల్లాంటివి కిందికి జారితే అది బాక్టీరియా ఎండు తెగులు. ఆ కుండీ మిక్స్‌ను దాచొద్దు, కంపోస్టులోనూ వేయొద్దు.

మిగతాదాన్ని శుద్ధి చేయడానికి మన ఎండలే చాలు. చలి దేశాల సలహాల్లో మట్టిని చలికాలమంతా షెడ్డులో పెట్టమంటారు. మన మిద్దె తోటలకు విరామం దొరికేది ఏప్రిల్, మే నెలల్లో, అంటే పని ఇంకా సులువు. ముందు ఉప్పు కడగాలి. బోరు నీళ్ళు పోసిన కుండీల అంచున తెల్లటి పొర కడుతుంది. 20 లీటర్ల మిక్స్‌కు 40 లీటర్ల మంచినీళ్ళు రెండు మూడు దఫాలుగా పోసి కింది నుంచి పోనివ్వాలి. తర్వాత వేళ్ళు ఏరేసి, టార్పాలిన్ మీద ఆరు అంగుళాల మందానికి మించకుండా పరచాలి. పిడికిట్లో నొక్కితే ముద్దై, వేలితో తాకితే విడిపోయేంత తేమ ఉండాలి. పొడిగా ఉంటే వేడి లోపలికి సరిగా దిగదు. పైన 25 నుంచి 50 మైక్రాన్ల పారదర్శక పాలిథిన్ కప్పి, అంచులు ఇసుకతోనో ఇటుకలతోనో గాలి దూరకుండా మూసి, నాలుగు నుంచి ఆరు వారాలు వదిలేయాలి. నల్ల షీటు వేస్తే ఎక్కువగా షీటే కాగుతుంది, మట్టి అంతగా కాగదు. ఎక్కువమంది తప్పేది ఇక్కడే.

ఇక సంచి సంగతి. మిక్స్‌తో వచ్చే పల్చటి ప్లాస్టిక్ సంచి దాచడానికి పనికిరాదు. తడి మిక్స్‌ను అందులో మూతి బిగించి పెడితే గాలి ఆడక మురుగు వాసన కొడుతుంది. బియ్యం బస్తాలు గాలి ఆడనిస్తాయి గానీ, ఎండలో పెడితే ఒక్క వేసవికే పోగులు పోగులుగా రాలి, ఆ ప్లాస్టిక్ పీచంతా మట్టిలో కలుస్తుంది. నీడ ఉంటేనే బస్తా. లేదంటే అడుగున రంధ్రాలున్న మూత డ్రమ్ము మేలు. కొబ్బరి చెట్లున్న వీధుల్లో మూత లేకుండా వదిలితే కొబ్బరి మొవ్వును తొలిచే కొమ్ము పురుగు వచ్చి అందులో గుడ్లు పెడుతుంది, వానల్లో బొటనవేలంత లావు తెల్లటి పిల్లపురుగులు దొరుకుతాయి.

ఎండలో మగ్గిన మిక్స్‌లో మంచి సూక్ష్మజీవులు కూడా చాలావరకు పోతాయి కాబట్టి ట్రైకోడెర్మా (తెగుళ్ళను అణిచే మేలు చేసే శిలీంధ్రం) ఆ తర్వాతే కలపాలి, ముందు కలిపితే డబ్బు దండగ. ఐదు కిలోల మాగిన పశువుల ఎరువు, అరకిలో వేపపిండి, 100 గ్రాముల ట్రైకోడెర్మా విరిడి పొడి కలిపి, నీళ్ళు చిలకరించి, గోనెపట్టా కప్పి వారం నీడలో ఉంచితే చాలు. నాటే ముందు పాత మిక్స్ నాలుగు పాళ్ళకు ఈ ఎరువు ఒక పాలు. ఇంకా కుండీ నిండకపోతే కోకోపీట్ వేయొచ్చు. ఐదు కిలోల దిమ్మ 25 లీటర్ల నీళ్ళు పీల్చుకుని 60 లీటర్లకు పైగా పొంగుతుంది. సంచి మీద ‘లో ఈసీ’ (ఉప్పు తక్కువ) అని రాసి ఉన్నా ఒకసారి కడిగే వాడండి.

ఇలా చూసుకుంటే కోకోపీట్ మిక్స్ రెండు మూడేళ్ళు వస్తుంది. తర్వాత పీచు నలిగి పిండవుతుంది, నీళ్ళు పోస్తే దిగక పైనే నిలుస్తాయి. ఎర్రమట్టి కలిపింది ఇంకా ఎక్కువ కాలం నిలుస్తుంది, బరువు మోయగల మిద్దె అయితే అదే కొనండి. కంపోస్టే ఎక్కువగా ఉన్న మిక్స్ ఆకుకూరల తొట్టెకు సరిపోతుంది, ఏడాది పొడవునా ఉండే వంగకు సరిపోదు. నులిపురుగుల బుడిపెలు కనిపించిన మిక్స్‌ను మాత్రం షీటు కింద మగ్గబెట్టాక కూడా ఒక సీజను బంతిపూల మొక్కలకు వదిలేయండి, టమాటా, వంగ, బెండ అందులో వేయొద్దు.