పాత సెస్నాలో ఒక వాటా: చికాగో శివారు ఫ్లయింగ్ క్లబ్బు సభ్యత్వంపై సమీక్ష

చికాగోకు పడమటి శివార్లలోని ఒక చిన్న విమానాశ్రయంలో కొంతమందిమి కలిసి నడుపుకొంటున్న ఫ్లయింగ్ క్లబ్బులో నాకు చాలా ఏళ్లుగా ఒక వాటా ఉంది. క్లబ్బు ఆస్తి అంటే ఒక సెస్నా 172పి విమానం, దాన్ని ఉంచడానికి ఒక అద్దె హ్యాంగరు, అందులో కొన్ని పనిముట్లు, నాలుగు మడత కుర్చీలు. అరోరా, నేపర్‌విల్ ప్రాంతాల్లో ఉంటున్న తెలుగువారిలో పైలట్ లైసెన్సు తీసుకున్నవాళ్లు, తీసుకోవాలనుకుంటున్నవాళ్లు నాకు అప్పుడప్పుడూ తారసపడుతుంటారు. ఫ్లయింగ్ స్కూలు విమానాన్ని గంటల లెక్కన అద్దెకు తీసుకుంటే సరిపోయేదానికి వాటా ఎందుకని వాళ్లలో చాలామంది అడుగుతారు. నా అనుభవం మేరకు దానికి జవాబు చెబుతాను. ప్రయాణ సాధనంగా లెక్క వేస్తే ఈ వాటా ఏ కోశానా గిట్టుబాటు కాదు. చిన్న చిన్న విమానాశ్రయాలకు, అక్కడ చేరే మనుషుల మధ్యకు వెళ్లడానికి కట్టే రుసుముగా భావిస్తే మాత్రం నేను పెట్టిన ప్రతి డాలరూ దక్కింది.

ముందుగా విమానం సంగతి. సెస్నా 172 ఉత్పత్తి 1956లో మొదలైంది. ఇప్పటికి 44,000కు పైగా తయారయ్యాయి. ప్రపంచంలో ఇన్ని తయారైన విమానం మరొకటి లేదు. 1986లో ఆగిపోయిన ఉత్పత్తి పదేళ్ల తర్వాత కాన్సాస్ రాష్ట్రంలోని ఇండిపెండెన్స్‌లో మళ్లీ మొదలైంది. మాది ఆగకముందు తరానిది: 160 హార్స్‌పవర్ లైకమింగ్ ఇంజను, కార్బురేటరు, 2,400 పౌండ్ల గరిష్ఠ బరువు. 110 నాట్ల (గంటకు సుమారు 200 కిలోమీటర్ల) చుట్టుపక్కల వేగంతో వెళుతూ గంటకు ఎనిమిది గ్యాలన్లకు కాస్త పైన ఇంధనం తాగుతుంది. రెక్క పైన ఉంటుంది కాబట్టి గాలిలో ఉన్నంతసేపూ కింది నేల శుభ్రంగా కనబడుతుంది, దిగాక ఎండకూ వానకూ ఆ రెక్కే నీడ. ఇన్నేళ్లలో దాని నడతలో నన్ను ఆశ్చర్యపరిచిందంటూ ఏదీ లేదు. ఈ మాట మెచ్చుకోలుగానే అంటున్నాను.

పేరుకు నాలుగు సీట్లున్నాయి గానీ నలుగురు పెద్దలు, నిండు ట్యాంకులు, సామాను ఒకేసారి పట్టవు. మా విమానం ఖాళీ బరువు పోను మోయగలిగేది 850 పౌండ్ల పైచిలుకు. వాడుకోదగిన ఇంధనం 40 గ్యాలన్లు. గ్యాలనుకు ఆరు పౌండ్ల చొప్పున 240 పౌండ్లు దానికే పోతే, మిగిలిన దాంట్లో మనుషులు, సంచులు, గుడారం అన్నీ సర్దుకోవాలి. నేను, మా ఆవిడ, మా అమ్మాయి వెళితే ఏ ఇబ్బందీ లేదు. ఇండియా నుంచి అత్తగారు, మామగారు వచ్చినప్పుడు మాత్రం అత్తగారిని బరువెంతని అడగక తప్పలేదు. ఆవిడ చెప్పిన అంకెకు పది పౌండ్లు కలుపుకొని, మా అమ్మాయిని ఇంటి దగ్గర ఉంచి, ట్యాంకులు సగానికి కొంచెం పైన నింపుకొని బయలుదేరాం. అరోరా బాలాజీ గుడి గోపురం పక్కగా కనబడగానే ఆవిడ దండం పెట్టుకున్నారు గానీ, స్వామివారి కంటే ఎత్తున తిరగడం అపచారమేమోనని ఆ రాత్రి ఫోనులో తన చెల్లెలి దగ్గర సందేహం వెలిబుచ్చారు. తిరుమల కొండ మీదుగా విమానాలు వెళ్లకూడదన్న మాట వింటూ పెరిగినవాళ్లకు అది సహజమే.

ఇక ఖర్చు. వాటా ధర కొన్ని వేల డాలర్లు. మానుకునేటప్పుడు కొత్తగా వచ్చే సభ్యుడికి అమ్ముకోవచ్చు. నెలనెలా కట్టేది హ్యాంగరు అద్దెకు, బీమాకు, ఏటేటా జరగాల్సిన యాన్యువల్ తనిఖీకి పోతుంది. ఎగిరిన గంటలకు ఇంధనంతో కలిపి కట్టేది వేరు. స్కూళ్లలో సాధారణంగా హాబ్స్ మీటరు లెక్క, అంటే ఇంజను తిరుగుతున్నంతసేపూ నిజమైన గంటలు పడతాయి. మాది ఇంజను ఎంత వేగంగా తిరిగితే అంత వేగంగా కదిలే ట్యాక్ మీటరు లెక్క కాబట్టి నేల మీద నెమ్మదిగా పాకేటప్పుడూ, రన్‌వే చివర వరుసలో నిలబడ్డప్పుడూ అంకెలు నింపాదిగా కదులుతాయి. ఇవన్నీ కలిపి చూస్తే గంట ధర అద్దె కంటే తక్కువే గానీ, ఏడాదికి పాతిక ముప్పై గంటలైనా ఎగరనివారికి నెలవారీ రుసుము ఆ మిగులునంతా మింగేస్తుంది.

అద్దెకూ వాటాకూ అసలు తేడా రాత్రి బసలో ఉంది. స్కూలు విమానాన్ని రెండు రోజులు బయట ఉంచుకుంటే, ఎగిరినా ఎగరకపోయినా రోజుకు కనీసం ఇన్ని గంటలని కట్టించుకోవడం చాలాచోట్ల ఉన్న పద్ధతి. అందువల్ల అద్దె విమానంతో ఫ్లై-ఇన్‌కు, అంటే పైలట్లు తమ విమానాల్లో వచ్చి ఒకచోట చేరే కలయికకు, వెళ్లినవాడు మనసులో మీటరు తిరుగుతుండగానే తిని, చూసి, తిరిగి రావాలి. క్లబ్బు విమానాన్ని పచ్చిక మీద కట్టేసి మూడు రోజులు కూర్చున్నా అడిగేవారు లేరు. క్యాలెండరులో ముందుగా రాసుకుంటే చాలు. ఫ్లై-ఇన్ అంటే చూడటానికి గంట చాలు గానీ, అక్కడి మనుషులు మనతో మాట్లాడటానికి ఒక పూట పడుతుంది.

ఆ మాట విస్కాన్సిన్‌లోని బ్రాడ్‌హెడ్‌కు వెళ్లినవారికి బాగా తెలుస్తుంది. అక్కడి రన్‌వేలన్నీ పచ్చికే, రాకపోకలను నియంత్రించే టవరు లేదు. జూలైలో, అదే రాష్ట్రంలోని ఓష్‌కోష్‌లో జరిగే పెద్ద విమానోత్సవానికి ముందు వారాంతంలో, అక్కడ పీటెన్‌పోల్ విమానాల కలయిక జరుగుతుంది. మినెసోటాకు చెందిన బెర్నార్డ్ పీటెన్‌పోల్ 1920ల చివర్లో ఫోర్డ్ మోడల్-ఎ కారు ఇంజనుతో ఎగిరేలా రూపొందించిన రెండు సీట్ల ఎయిర్ క్యాంపర్‌ను జనం ఇప్పటికీ సొంత గ్యారేజీలలో కర్రతో, గుడ్డతో కట్టుకుంటున్నారు. దాన్ని కట్టినాయన దాని పక్కనే నిలబడి ఉంటాడు. రెక్క లోపలి పక్కటెముకలకు ఏ కర్ర వాడారని ఒక్క ప్రశ్న వేస్తే చాలు, మధ్యాహ్న భోజనం దాకా వదలడు. పచ్చిక మీద దిగేటప్పుడు కంట్రోలు చక్రాన్ని వెనక్కి లాగి పట్టుకొని ముందు చక్రాన్ని వీలైనంతసేపు తేలిక చేయాలి, మెత్తటి చోట ఆగకూడదు. ఇవి శిక్షణలో కాంక్రీటు మీద నటించి నేర్చుకున్న సంగతులు. బ్రాడ్‌హెడ్‌లో వాన పడ్డ మర్నాడు అవి నటన కావని అర్థమవుతుంది.

ఇల్లినాయ్‌లోనే రోషెల్ ఉంది. రన్‌వే పక్కన భోజనశాల, నెత్తిన పారాచూట్ల వాళ్లు. తిండి కోసమే వెళ్లి రావడానికి బాగుంటుంది, అంతకు మించి చెప్పడానికి లేదు. మనసుకు నచ్చినది మిషిగన్ సరస్సులోని వాషింగ్టన్ దీవి. డోర్ ద్వీపకల్పం కొస దాటాక కొన్ని మైళ్ల నీరు, ఆ తర్వాత అడవి మధ్య పచ్చిక రన్‌వేలు. ఒకే ఇంజను కాబట్టి ఆ నీటిని దాటేముందు బాగా ఎత్తుకు ఎక్కుతాం. ఇంజను ఆగితే 172 వెయ్యి అడుగుల ఎత్తుకు సుమారు మైలున్నర జారుతుందన్న లెక్కతో, ఏ క్షణంలోనైనా ఏదో ఒక ఒడ్డు అందేలా చూసుకుంటాం. జూలైలో అక్కడి లయన్స్ క్లబ్బు వాళ్లు ఫ్లై-ఇన్ పెట్టి చేపలు ఉడకేస్తారు. కట్టెల మంట మీద పెద్ద గంగాళంలో ఉప్పునీళ్లు మరిగించి, బంగాళాదుంపలు, ఉల్లిపాయలు వేసి, వైట్‌ఫిష్ ముక్కలు దింపుతారు. చివర్లో మంటలో కిరసనాయిలు గుప్పిస్తే మంట మనిషి ఎత్తున లేచి, గంగాళం పొంగి, పైన తేలిన చేప నూనె అంతా బయటికి పోతుంది. చుట్టూ ఉన్నవాళ్లందరూ ఫోన్లు పట్టుకొని నిలబడేది ఆ క్షణం కోసమే. కరిగించిన వెన్న పోసి వడ్డిస్తారు. కారం మాట ఎత్తకూడదు. మా ఆవిడ చేతిసంచిలోంచి తీసిన నల్లకారం పొడికి మా బల్ల దగ్గర మంచి గిరాకీ వచ్చింది.

ఈ చిన్న చోట్లలో మర్యాదలకు ఒక తీరుంది. టవరు లేనిచోట అందరూ ఒకే ఫ్రీక్వెన్సీ మీద తామెక్కడున్నదీ చెప్పుకుంటూ, నేలకు వెయ్యి అడుగుల పైన చుట్టు తిరిగి దిగుతారు. ‘ఎనీ ట్రాఫిక్ ఇన్ ది ఏరియా ప్లీజ్ అడ్వైజ్’ (ఈ చుట్టుపక్కల ఎవరైనా ఉంటే చెప్పండి) అని అడిగే పైలట్‌ను చూసి పాతకాపులు నొసలు చిట్లిస్తారు. అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ మార్గదర్శకాలు కూడా ఆ మాట వాడొద్దనే అంటాయి. ఆఫీసులో కొక్కానికి ఊరి కారు తాళాలు వేలాడుతుంటాయి. పుస్తకంలో పేరు రాసి, ఊళ్లోకి వెళ్లి తిని, వచ్చేటప్పుడు నాలుగు గ్యాలన్ల పెట్రోలు పోయించి తాళాలు అక్కడే తగిలించాలి. అద్దె ఎవరూ అడగరు, అతికించిన కాగితం మీద ‘బ్రేకు గట్టిగా నొక్కండి’ లాంటి సూచన మాత్రం ఉంటుంది.

ఓష్‌కోష్ ఇందుకు పూర్తిగా భిన్నం. పాల్ పోబెరెజ్నీ 1953లో స్థాపించిన ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ వార్షికోత్సవం 1970 నుంచి అక్కడి విట్‌మన్ విమానాశ్రయంలో జరుగుతోంది. జూలై చివరి రోజుల్లో ఆ ఊరికీ చుట్టుపక్కలకూ పదివేల పైన విమానాలు చేరతాయి. వెళ్లే దారికి ప్రత్యేక నిబంధనల పుస్తకమే ఉంది, దాన్ని అచ్చువేసుకొని తొడకు కట్టుకోవాలి. రిపన్ అనే ఊరి నుంచి ఫిస్క్ అనే ఊరి దాకా రైలు పట్టాల మీదుగా, 1,800 అడుగుల ఎత్తున, 90 నాట్ల వేగంతో, ముందున్న విమానానికి అర మైలు వెనకగా, ఒకే వరుసలో వెళ్లాలి. ఫిస్క్ దగ్గర నేల మీద బైనాక్యులర్లతో కూర్చున్న కంట్రోలర్లు రంగును బట్టి, రెక్కను బట్టి పిలుస్తారు, మనం నోరు మెదపకుండా రెక్కలు ఊపితే చాలు. రన్‌వే మీద పెద్ద రంగు చుక్కలుంటాయి. ఒక చుక్క మీద మనల్ని, ఇంకో చుక్క మీద వెనకవాణ్ణి, ఒకే రన్‌వేపై ఒకేసారి దింపుతారు. 172కు 90 నాట్లు సుఖమైన వేగమే. చిక్కంతా ముందువాడు 75కు పడిపోయినప్పుడు వస్తుంది; అప్పుడు వరుసలోంచి తప్పుకొని మళ్లీ మొదటికి వెళ్లడమే దారి, అలా వెళ్లడానికి నామోషీ పడకూడదు. దిగాక రెక్క కింద గుడారం, మూడు తాళ్లతో విమానానికి కట్లు, సాయంత్రం పక్క విమానం వాళ్లతో పులిహోర పంపకం. జూలై గాలివానకు ఆ కట్లు ఎంత ముఖ్యమో తెలియాలంటే ఒక్క రాత్రి చాలు.

ఫిర్యాదులకూ కొదవ లేదు. ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చిందన్న సామెత క్లబ్బు విమానానికి సరిగ్గా అతుకుతుంది. రెక్క అంచుకు అంటిన పురుగులను తుడవకుండా, ట్యాంకులు నింపకుండా వెళ్లే సభ్యుడు ప్రతి క్లబ్బులోనూ ఒకడుంటాడు. ఒక వేసవిలో సిలిండరు ఒకటి కంప్రెషన్ తనిఖీలో తప్పింది. మరమ్మతు కేంద్రం వాళ్లు రెండు వారాలన్నది సీజను అంతా పట్టింది, ఆ ఏడు ఓష్‌కోష్‌కు కారులో వెళ్లాం. చలికాలంలో ఇంజనును ముందుగా వేడి చేయకుండా తిప్పకూడదు, హ్యాంగరు తలుపు కింద గడ్డకట్టిన మంచును పగలగొట్టాలి. ఇంతా చేస్తే మబ్బులు. ఇలా మూడు నెలలు గడిస్తే, ఎవరినైనా ఎక్కించుకునేముందు 90 రోజుల్లో మూడుసార్లు ఎక్కి దిగి ఉండాలన్న నిబంధన కోసం ఒంటరిగా చక్కర్లు కొట్టాలి. సీసం కలిసిన నీలిరంగు 100ఎల్ఎల్ ఇంధనాన్ని 2030 చివరికి వదిలించుకోవాలని ఇక్కడి ప్రభుత్వమూ పరిశ్రమా లక్ష్యం పెట్టుకున్నాయి. కొత్త ఇంధనం మా పాత ఇంజను ఖర్చెంత పెంచుతుందన్నది క్లబ్బు సమావేశాల్లో నిత్య చర్చ.

మనవాళ్ల కోసం రెండు మాటలు. హెచ్-1బి వీసా మీద ఉన్నవారు కూడా ప్రైవేటు పైలట్ శిక్షణ తీసుకోవచ్చు గానీ, అమెరికా రవాణా భద్రతా సంస్థ టీఎస్ఏకు దరఖాస్తు చేసి, వేలిముద్రలిచ్చి, అనుమతి వచ్చాకే మొదలుపెట్టాలి. నేనూ అలాగే నేర్చుకున్నాను. రెండోది, ‘డబ్బులిస్తాం, మమ్మల్ని డెట్రాయిట్‌లో దింపేసి రా’ అనే స్నేహితుల సంగతి. ప్రైవేటు లైసెన్సుతో కిరాయికి తిప్పడం చట్టవిరుద్ధం. నాకూ అక్కడ పనుండి వెళుతుంటే ఇంధనం లాంటి ఖర్చుల్లో ఎవరి వంతు వాళ్లు పెట్టుకోవచ్చు, నా వంతు నేను తప్పక పెట్టాలి. ఇది చెబితే కొందరు చిన్నబుచ్చుకుంటారు, అయినా చెప్పాల్సిందే.

వాటా కొనాలనుకునేవారు విమానం రంగు చూసి మురిసిపోకుండా లాగ్‌బుక్కులు అడిగి చూడాలి. ఈ ఇంజనుకు తయారీదారు సూచించిన ఓవర్‌హాల్ (మొత్తం విప్పి బాగుచేయడం) గడువు 2,000 గంటలు. ఇప్పటికి ఎన్ని గంటలు నడిచింది, ఆ రోజు కోసం నిధిలో ఎంత కూడబెట్టారు అన్న రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే, రేపు మీ మీద పడబోయే చందా ఎంతో తెలిసిపోతుంది. లోపాలు రాసే పట్టికలో అదే ఫిర్యాదు మూడుసార్లు కనబడితే కారణం అడగాలి. గత వేసవి క్యాలెండరు తెరిపించి, వారాంతాలు ఎవరెవరి పేరున ఉన్నాయో చూడాలి. చివరిగా, ఈ మధ్య క్లబ్బు మానేసిన సభ్యుడి నంబరు తీసుకొని, వాటా అమ్ముడుపోవడానికి ఎన్నాళ్లు పట్టిందో నేరుగా ఆయననే అడగండి.