జీవిత కథ రాసిపెట్టే సేవ: మా ఆవిడ సాక్ష్యంతో సహా

చెన్నై సాలిగ్రామంలో ఉంటూ ఐదు దశాబ్దాలుగా తెలుగు సినిమాల్లో చిన్నాచితకా వేషాలు వేసినవాణ్ణి. పెద్దవాళ్ల చేత కథ చెప్పించి, రికార్డు చేసి, పుస్తకంగా అచ్చువేసి ఇచ్చే చిన్న సంస్థ ఒకటి వడపళనిలో ఉంది. మా అమ్మాయి కుదిర్చింది. ఫొటోలతో 25 ప్రతులకు 38,000 రూపాయలు. సగం ముందు, సగం పుస్తకం చేతికొచ్చాక.

ముందుగా మెచ్చుకోవలసింది మాట్లాడించే పద్ధతి. వచ్చిన అబ్బాయి మరపురాని అనుభవాలు చెప్పమని ప్రాణం తీయలేదు. "అప్పట్లో డబ్బింగ్ ఎలా చెప్పేవారు సార్?" అని అడిగి ఊరుకున్నాడు. ఇక నేను ఆగలేదు. రీలును ముక్కలు చేసి, ఒక్కో ముక్క రెండు కొసలూ అతికించి లూపుగా తిప్పేవారు. తెర మీద అదే ముక్క మళ్లీ మళ్లీ వస్తుంటే, ఒకే మైకు చుట్టూ నలుగురం నిలబడి పెదవుల కదలికకు మాట కలపాలి. చివర్లో "చిత్తం దొరా" అనేవాడు తడబడితే హీరోతో సహా అందరూ మొదటికి రావలసిందే. ఆ చిత్తం దొరను నేనే. ఈ భాగం నా దగ్గు తప్ప అంతా ఉన్నదున్నట్టు వచ్చింది.

చిక్కంతా హైదరాబాదు అధ్యాయంలో. 1976లో అక్కడ అన్నపూర్ణ స్టూడియోస్ మొదలయ్యాక తెలుగు సినిమా పని మద్రాసు నుంచి అటు మళ్లుతూ పోయింది. ప్రభుత్వ రాయితీలూ తోడయ్యాయి. మద్రాసులో సినిమావాళ్లు కలుసుకునే పాండీ బజారులో తెలుగు ముఖాలు పలచబడ్డాయి. నేను మాత్రం కదలలేదు. మొదటి ప్రతిలో నన్ను కుటుంబం కోసం కెరీర్‌ను బలిచ్చిన నటుణ్ణి చేశారు. చదివితే నాకే కళ్లు చెమర్చాయి గానీ, జరిగింది అది కాదు. నేను లెక్క చూసుకున్నాను. మా ఆవిడకు ఇక్కడ బడిలో ఉద్యోగం. తమిళం నుంచి తెలుగులోకి వచ్చే సినిమాలకు నా గొంతు. సాయంత్రానికి చేతిలో డబ్బు. పిలిస్తే చార్మినార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి వెళ్లి వేషం వేసి వచ్చేవాణ్ణి. రానురాను పిలుపులు తగ్గాయి. అదీ రాయమన్నాను, రాశారు.

అయితే ఈ పుస్తకానికి ప్రాణం పోసింది వాళ్లు మా ఆవిడను వేరుగా కూర్చోబెట్టి అడగడం. "నా ఉద్యోగం అడ్డం కాదు బాబూ, అక్కడే ఏదో ఒక బడి చూసుకుంటానన్నాను. నిన్నమొన్నటి కుర్రవాళ్ల ఆఫీసు వరండాలో కూర్చుని వేషం అడగడం ఈయనకు నామోషీ" అందట. ఈ సంగతి నాకు అచ్చుప్రతిలో తెలిసింది! తీసేయమంటే ఆ అబ్బాయి, "అమ్మగారిని అడగండి సార్" అని తప్పుకున్నాడు. అడిగాను. "అబద్ధమా?" అంది. రెండు వాదనలూ ఎదురెదురు పేజీల్లో అచ్చయ్యాయి. ఇంటికొచ్చిన బంధువులు నేరుగా అక్కడే తెరుస్తున్నారు. నా లెక్కా నిజమే, ఆమె అన్నదీ నిజమే. ఏది ఎన్ని పాళ్లో ఈ వయసులో తేల్చే ఓపిక నాకు లేదు.

ఫొటోల పని మాత్రం నాసిరకం. ఇప్పుడు విజయా మాల్ ఉన్న చోట ఒకప్పటి వాహిని స్టూడియోలో తీసిన ఫొటో ఒకటి ఇచ్చాను. నేను కిరీటం సర్దుకుంటుంటే, అంచున మా మేకప్ మనిషి అద్దం పట్టుకుని, భుజం మీద తువ్వాలుతో నిలబడి ఉంటాడు. పేజీలో పట్టలేదని ఆయన్ను కత్తిరించేశారు. అద్దం పట్టుకున్న వేళ్లు మిగిలాయి. మలి ముద్రణలో సరిచేస్తామన్నారు. 25 ప్రతుల పుస్తకానికి మలి ముద్రణ! ఒత్తులు కూడా అక్కడక్కడా విడిపోయాయి. తెలుగు దిద్దేవారు వాళ్ల దగ్గర ఉన్నట్టు లేదు.

అయినా ఈ డబ్బుకు గిట్టుబాటే అంటాను. చేయించుకునేవారు రెండో సగం కట్టే ముందు అచ్చుప్రతిని పేజీ పేజీ చూసుకోండి, ముఖ్యంగా ఫొటోల అంచులు. అసలు ఫొటోలు వాళ్ల చేతికి ఇవ్వకుండా స్కాన్ చేయించి ఇవ్వండి.