సెరిబ్రల్ పాల్సీనా, సెగావా డిస్టోనియానా?

నాలుగైదేళ్ల పాప మునివేళ్ల మీద నడుస్తోంది, ఒక పాదం లోపలికి తిరిగిపోతోంది. ముందుగా వినిపించే మాట సెరిబ్రల్ పాల్సీ. అది పుట్టకముందో, పుట్టేటప్పుడో, ఆ తర్వాత కొద్దికాలానికో మెదడు దెబ్బతినడంతో వచ్చే కదలికల ఇబ్బంది. ఎంఆర్ఐలో ఆనవాళ్లు తరచూ దొరుకుతాయి.

సెగావా డిస్టోనియా (కండరాలు వాటంతటవే బిగిసి మెలితిరిగే జబ్బు) తీరే వేరు. ఎక్కువమందిలో జీసీహెచ్1 జన్యువు లోపం వల్ల మెదడులో కదలికలకు అవసరమైన డోపమైన్ అనే రసాయనం తయారీ తగ్గుతుంది, ఎంఆర్ఐ మాత్రం మామూలుగానే ఉంటుంది. పొద్దున లేచి చక్కగా పరుగెత్తిన పాప, పొద్దుగూకేసరికి కాలు ఈడుస్తుంది; ఓ కునుకు తీస్తే మళ్లీ తేలిక. ఈ సంగతి డాక్టరుకు చెప్పడం మరవకండి. రెండు పూటలా నడకను వీడియో తీసి చూపిస్తే ఇంకా మేలు. జన్యులోపం ఉన్న అందరిలోనూ జబ్బు బయటపడదు (బయటపడేది ఆడపిల్లల్లోనే ఎక్కువ), కాబట్టి "మా ఇంట్లో ఎవరికీ లేదు" అని కొట్టిపారేయలేం.

అసలు తేడా మందు దగ్గర. మెదడులో డోపమైన్‌గా మారే మందు లెవోడోపా; అది కొద్దిపాటి ఇస్తేనే సెగావా పిల్లలు చాలావరకు రోజుల్లోనో వారాల్లోనో తేరుకుంటారు. సెరిబ్రల్ పాల్సీలో అంత మార్పు రాదు. ఫిజియోథెరపీ, కండరాల బిగుతు తగ్గించే మందుల వంటివే ఆధారం. కారణం తేలని సెరిబ్రల్ పాల్సీ అన్నప్పుడు, న్యూరాలజిస్టు పర్యవేక్షణలో లెవోడోపా ఓసారి వాడి చూడాలనే నేనంటాను.